మూడో డ్రమ్ము

ఆవిరి మీటరు ముల్లు ఇంకా సున్నా మీదే పడుకుని ఉంది. పడుకోనీ, దాన్ని తట్టి లేపే పని నాది కాదు. లచ్చన్న బాయిలర్ పొయ్యిలోకి మొక్కజొన్న బెండ్లు ఎగదోస్తున్నాడు, అవి చిటపటలాడుతున్నాయి, పొగ ముందు మా కళ్లలోకి వచ్చి, మా వంతు మాకు ఇచ్చేశాక, ఆర్మూర్ పక్కన ఈ పెర్కిట్ చేను దాటి హైవే మీది లారీల వైపు పోతోంది. నీళ్లు కాగి, ఆవిరి పట్టి, ముల్లు పచ్చగీత దాకా రావడానికి గంట పడుతుంది. మామూలు రోజైతే ఈ గంటలో కమలవ్వ తంబాకు నములుతూ ఊళ్లోవాళ్ల సంసారాలన్నీ సర్దిపెడుతుంది, సువార్త ఫోన్‌లో కీర్తనలు పెట్టుకుంటుంది, నేను అందరినీ ఏదో ఒకటి అంటూ ఉంటాను. చెయ్యి కాలాక నేను మళ్లీ పనిలోకి వచ్చింది ఇవాళే, ఎవరూ నోరు విప్పడం లేదు. నా కుడిచెయ్యి వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నారు. చూడండి తల్లీ, చూడండి, టికెట్ ఏమీ లేదు.

పొద్దున మేం వచ్చేసరికే గంగాప్రసాద్ సేటు కారు గట్టు మీద ఆగి ఉంది. బాయిలర్ ఆయనది, దానికి తగిలించిన నాలుగు డ్రమ్ములూ ఆయనవి, వాటిని ఊరూరికీ లాగే ట్రాక్టరూ ఆయనదే. పసుపు ఉడకబెట్టే చేతులు మాత్రం మావి, ఆ ఒక్క సంగతీ ఆయనకు గుర్తుండదు. ఆయనతో పాటు కారులోంచి శ్రవణ్‌కుమార్ అనే కొత్తాయన దిగాడు. నిజామాబాద్‌లో ఐటీఐ చదివాడట, ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు, ఇక నుంచి వాల్వుల దగ్గర అతనే ఉంటాడట. మరి ఇన్నేళ్లుగా ఆ వాల్వులు తిప్పుతున్న నడిపయ్య కాక సంగతేమిటి? కాక ట్రాలీ నీడన కూర్చుని ఉన్నాడు. సేటే కూర్చోమన్నాడు. పొమ్మనలేక పొగబెట్టడం అంటారు, మా సేటుకు ఆ కష్టం కూడా అక్కర్లేదు, పొగ ఎలాగూ లచ్చన్న పెడుతున్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన నా వైపు తిరిగి, చేను రైతూ మా వాళ్లూ అందరూ వినేలా నవ్వుతూ అన్నాడు.

“నీ కోసమే రజితా గిదంతా. కాలింది నీ చెయ్యి గదా. గీ ముసలాయన వాల్వు కాడ ఉంటే నువ్వు మల్ల మూడో డ్రమ్ముల చెయ్యి పెడ్తవా? నిజం జెప్పు. పెడ్తనంటే ఆయన్నే ఉంచుత. లేదంటే ఇగ నన్ను అడగొద్దు.”

“పెడ్త,” అన్నాను.

నోరు అనేసింది. మనసును అడగలేదు, చేతిని అసలే అడగలేదు. సేటు నవ్వు కొంచెం పక్కకు జరిగింది. నేను ఏడుస్తాననుకున్నాడు, కొంగు నోట్లో కుక్కుకుని వద్దు సేటూ అంటాననుకున్నాడు, అప్పుడు పాపం ఆడమనిషి భయపడింది కదా అని అందరికీ చెప్పుకునేవాడు. సరే, ఆవిరి ఎక్కనీ, చూద్దాం అని కారు దగ్గరికి పోయాడు. అప్పటి నుంచీ నేను ఈ తిరగేసిన తట్ట మీద కూర్చుని ముల్లును చూస్తున్నాను. అది పచ్చగీత దగ్గరికి వచ్చాక నేను లేవాలి. లేచి, కాలిన చేతిని కాలిన చోటే పెట్టాలి. పెట్టలేకపోతే నడిపయ్య కాక ఈ సాయంత్రమే తన సద్దిగిన్నె పట్టుకుని ఇంటికి పోతాడు, అది కూడా నా పేరు మీద.

మూడో డ్రమ్ము నాది. నాది అంటే దాని అడుగు తలుపు తెరిచేది, ఉడికిన పసుపును కిందికి లాగేది, లోపలి ఆవిరి గొట్టాన్ని శుభ్రం చేసేది నేను. ఆ గొట్టానికి వరసగా చిల్లులుంటాయి, వాటిలోంచే ఆవిరి వచ్చి పసుపును ఉడికిస్తుంది. చేలో తవ్వి తెచ్చిన పసుపుకు మట్టి ఉంటుంది, వేర్లుంటాయి, అవి చిల్లుల్లో ఇరుక్కుంటే పైన ఉన్నది ఉడకదు, కింద ఉన్నది చిమిడిపోతుంది. అందుకని ఒక్కసారి ఆవిరి వదిలి నానబెట్టి, వాల్వు మూసి, భుజం దాకా చెయ్యి దూర్చి వేళ్లతో తీయాలి. ఇనుపకొక్కెం తీయలేనిది వేలు తీస్తుంది. నా చెయ్యి కాలిన రోజు నుంచీ ఆ డ్రమ్మును ఎవరూ ముట్టలేదు. సేటు అరిచాడు, బతిమాలాడు, అందితే జుట్టు అందకపోతే కాళ్లు, ఆయన పద్ధతి ఆయనది. కమలవ్వ మాత్రం, అది రజిత డ్రమ్ము, రజిత వస్తేనే తలుపు తెరుస్తది అని ఒక్కటే మాట. అప్పటి నుంచీ ఈ పసుపు కాలమంతా నాలుగు డ్రమ్ముల బాయిలర్ మూడు డ్రమ్ములతోనే నడిచింది. రైతులు మా చేను ఎప్పుడు, మా చేను ఎప్పుడు అని సేటుకు ఫోన్ల మీద ఫోన్లు. నేను ఇంట్లో మంచం మీద పడుకుని ఆ సంగతి విన్నప్పుడు, నొప్పిలో కూడా నవ్వాను.

ముల్లు కదిలింది. లేదు, కదల్లేదు, నా కన్నే కదిలింది. చెయ్యి చూసుకుంటున్నాను, చర్మం మణికట్టు నుంచి మోచేతి దాకా గులాబీ రంగులో మెరుస్తోంది, ఎవరిదో చెయ్యి తెచ్చి నాకు అతికించినట్టుంది. వేళ్లు సగమే ముడుచుకుంటాయి. జాకెట్టు గుండీలు పెట్టుకోలేను, ముడి వేయలేను, అన్నం కలుపుకోగలను, అది చాలు అనుకుంటాను. ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే వాకిట్లోకి పరుగెత్తుతున్నాను. మొన్న పక్కింటామె కుక్కర్‌కు మా గోడ దూకబోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని పలకరించడానికి వచ్చిన ప్రతివాడూ అన్నాడు. ఆ సామెత పుట్టించినవాడికి నిజంగా చెయ్యి కాలి ఉండదు, కాలి ఉంటే ఆకులెక్కడున్నాయో వెతికేవాడే కాని సామెత కట్టేవాడు కాదు. భయమేస్తోందా? వేస్తోంది. ఎవరి దగ్గర దాస్తాను.

మా గుంపుకు ఒక పద్ధతి ఉంది. ఎవరి చెయ్యి డ్రమ్ములో ఉంటుందో వాళ్లు తలకు చుట్టుకున్న తువ్వాల ముందుగా విప్పి, ఆ డ్రమ్ము వాల్వు పిడికి వేయాలి. తువ్వాల ఉన్నంతసేపూ నడిపయ్య కాక ఆ పిడిని తాకడు, దేవుడు వచ్చి చెప్పినా తాకడు. చెయ్యి బయటికి తీసినవాళ్లే తువ్వాల తీసుకోవాలి. దీన్ని మాకు ఎవరూ నేర్పలేదు, బాయిలర్ బుసలో కేకలు వినపడవని మేమే పెట్టుకున్నాం. ఆ రోజు ఎండ మాడుతోంది. నేను డ్రమ్ములో భుజం దాకా దూరి ఉన్నాను, నా నెత్తి మీద గుడ్డ లేదు, అది వాల్వు మీద ఉంది. సువార్త ఈ కాలమే మా గుంపులోకి వచ్చింది, నన్ను అక్కా అని ఒళ్లంతా నోరు చేసుకుని పిలుస్తుంది. తట్ట నింపి వస్తూ నన్ను చూసింది. అయ్యో అక్క నెత్తి కాలిపోతోంది అనుకుంది. పద్ధతి దానికి తెలియక కాదు, పద్ధతి కంటే ముందు జాలి పరుగెత్తింది. పిడి మీద తువ్వాల తీసి, నీళ్లలో తడిపి, తెచ్చి నా తల మీద కప్పింది. తల చల్లగా అయింది, అబ్బ అనుకున్నాను కూడా. అదే క్షణంలో కాక ఇటు తిరిగాడు, పిడి ఖాళీగా ఉంది, తిప్పాడు.

మిగతాది చెప్పుకోవడానికి ఏముంది. అరుపు నాదే కాని నాకు వినపడలేదు. నా నోట్లోంచి అరుపు పూర్తిగా రాకముందే కాక పిడి వెనక్కి తిప్పేశాడట, తిప్పకపోతే ఇవాళ ఈ చెయ్యి ఉండేది కాదని డాక్టర్ అన్నాడు. నన్ను ఎత్తుకుని బోరు దగ్గరికి పరుగెత్తి, నీళ్ల కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. నేను గీరాను, తన్నాను, భుజం కొరికాను, వదల్లేదు. చేను రైతు పసుపు రాయండి పసుపు రాయండి అని గంతులు వేస్తుంటే, గుట్టంత పసుపు పక్కన నిలబడి కమలవ్వ తిట్టిన తిట్టు నాకు ఆ నొప్పిలోనూ వినపడింది, దాన్ని ఇక్కడ రాయను. మనిషి మనిషిని అంత గట్టిగా పట్టుకోవడం నేను అంతకుముందు ఎరగను, నా మొగుడు కూడా పట్టుకోలేదు. నా పళ్ల గాట్లు కాక భుజం మీద ఇప్పటికీ ఉన్నాయి.

తువ్వాల తీసిందెవరు అని సేటు అడిగాడు. దవాఖానకు రాలేదు, ఫోన్‌లో అడిగాడు, తర్వాత చేలో అందరినీ నిలబెట్టి అడిగాడు. ఒక పేరు దొరికితే చాలు, ఆ పేరును బయటికి తోసి చేతులు దులుపుకుంటాడు. తిప్పింది నా చెయ్యి సేటూ అని కాక అన్నాడట, అంతే, ఇంకో మాట లేదు. మా వాళ్లెవరూ నోరు విప్పలేదు. అట్లాగని మాలో మేం దాచుకున్నామా, లేదు. వార్డులో నా మంచం చుట్టూ అందరూ ఉన్నప్పుడు సువార్త ఏడుస్తూ అంతా చెప్పేసింది, నేనే అక్కా, నీ నెత్తి మాడుతుందని నేనే తీసిన అక్కా, నన్ను కొట్టు అని. కొట్టాను. ఎడమచేత్తో ఒక్కటిచ్చాను, చెంప ఎర్రబడింది, నర్సు పరుగెత్తుకొచ్చింది. ఆ తర్వాత ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. మాలో మాకు చెప్పుకోనిది ఏదీ లేదు, బయటివాడి చేతికిచ్చేది కూడా ఏదీ లేదు. ఆ రెండూ వేరువేరని సేటుకు అర్థం కాలేదు, ఎప్పటికీ కాదు.

ద్రాక్షపండ్లు పంపాడు మహానుభావుడు. చేతికి మెత్తటి కట్టు కట్టుకుని ఎడమచేత్తో ఒక్కొక్క గింజా తెంపుకుని తినాలన్నమాట. కమలవ్వ వాటిని వార్డంతా పంచిపెట్టింది.

ముల్లు ఇప్పుడు నిజంగానే లేచింది. లచ్చన్న నా వైపు చూసి, కొత్త బెండ్లు వేయకుండా కొంచెం ఆగాడు. నాకు ఇంకాస్త టైం ఇద్దామని. ఈ మనిషి రోజుకు పది మాటలు మాట్లాడడు, మాట్లాడితే అందులో ఏడు మాటలు బెండ్లు తడిసినయ్ అనే. వెయ్యి లచ్చన్నా అన్నాను, నా కోసం పొయ్యి ఆపుతవా, నేనేం పెండ్లికూతురునా. వేశాడు. దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక నేను తల దువ్వుకోలేకపోతే ఇదే గుంపు వంతులు వేసుకుంది. కమలవ్వ వచ్చి దువ్వితే నూనె చెవుల దాకా కారేది, సువార్త దువ్వితే జడ బిగుసుకుని కళ్లు పైకి పోయేవి. లచ్చన్న పెండ్లాం కూడా వచ్చింది, ఆమెకు నేనెవరో అప్పటిదాకా తెలియదు. కాక మాత్రం కడప దాటి లోపలికి రాలేదు. రోజూ పొద్దున వచ్చి, జొన్నరొట్టె తెచ్చి, ఎడమచేత్తో తినడానికి వీలుగా చిన్న చిన్న ముక్కలు తుంపి గిన్నెలో పెట్టి, బయట అరుగు మీద కూర్చునేవాడు. తప్పైంది అనలేదు. నాకు ఒళ్లు మండిపోయేది, చర్మం మంట చాలదన్నట్టు. ఒకరోజు గిన్నె తోసేశాను.

“తువ్వాల లేదని తిప్పినవ్ సరే, ఒక్క మాట అడగరాదా కాకా? రజితా, చెయ్యి తీసినవా అని? కండ్లే ఉన్నయా నీకు, నోరు లేదా?”

ఆయన రొట్టె ముక్కలు ఒక్కొక్కటీ ఏరి మళ్లీ గిన్నెలో వేశాడు.

“అడగాలె బిడ్డా. అడగకపోతి. ఇగ అడుగుత, రోజుకు వంద సార్లైనా అడుగుత. నీకు ఇసుగొచ్చినా అడుగుత.”

అంతే. ఆ మర్నాటి నుంచే చేలో అట్లా నడుస్తోందని సువార్త వచ్చి చెప్పింది. తువ్వాల ముడి వేసి కట్టాలి, కాక పేరు పెట్టి అడగాలి, చెయ్యి ఎక్కడుందో ఆ మనిషి నోటితోనే చెప్పాలి. కమలవ్వకు విసుగట, అరే నా చెయ్యి నా దగ్గర్నే ఉంది, ఎన్నిసార్లు జెప్పాలె అని అరుస్తుందట, అరుస్తూనే చెబుతుందట. నాకు ఆ రోజు రొట్టె రుచిగా అనిపించింది. ఆయన మీద కోపం పోయిందా అంటే, పోలేదు, ఇప్పటికీ అప్పుడప్పుడు వచ్చి పోతుంది, వచ్చినప్పుడు మొహం మీదే అనేస్తాను. కోపం ఉన్నచోటే నమ్మకం కూడా ఉంటుందని, రెండూ ఒకే గుడిసెలో కాపురం చేస్తాయని నాకు అప్పుడు తెలిసింది.

సేటుకు కాక అంటే పడకపోవడానికి నా చెయ్యి కారణం కాదు, అది సాకు. కాక ముల్లును ఎర్రగీత దగ్గరికి పోనివ్వడు. ఇంకొంచెం పెంచు, తొందరగా ఉడుకుతది, ఇంకో చేను ఎక్కువ చేస్తం అంటాడు సేటు. పేలితే నువ్వు కార్ల ఉంటవు, మేం ఈడ ఉంటం అంటాడు కాక, మెల్లగా, మొహం మీద. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. అప్పటి నుంచీ సేటు అదను కోసం కాచుకుని ఉన్నాడు. నిరుటి రాళ్లవాన రోజు కూడా ఆయన కారులోనే ఉన్నాడు. మధ్యాహ్నం ఎండ కాస్తూ ఉండగానే మబ్బు కమ్మి, గాలి లేచి, నిమ్మకాయలంత వడగళ్లు. కల్లం నిండా ఉడికిన పసుపు ఆరబోసి ఉంది, తడిస్తే నల్లబడుతుంది, ఒక రైతు ఏడాది కష్టం పోతుంది. టార్పాలిన్ కప్పితే గాలి దాన్ని ఎత్తుకుపోతోంది, రాళ్లు పెడితే రాళ్లు దొర్లుతున్నాయి. కాక వెళ్లి ఒక మూల మీద పడుకున్నాడు. పడుకోవడమే, బోర్లా. చూసి కమలవ్వ ఒక మూల, నేనొక మూల, అప్పుడు మాతో ఉన్న ఉమారాణి ఒక మూల, మధ్యలో లచ్చన్న. వీపుల మీద వడగళ్లు దబదబ పడుతుంటే కమలవ్వ ఆకాశంలో మొగులును పేరు పెట్టి తిట్టడం మొదలుపెట్టింది, మొగులు వంశాన్ని కూడా వదల్లేదు. నవ్వు ఆగక టార్పాలిన్ అంతా ఊగిపోయింది. వాన వెలిశాక లేచి చూసుకుంటే అందరి వీపులూ కమిలి ఉన్నాయి, కింద పసుపు పొడిగా ఉంది. సేటు కారు అద్దం దించి, అటు మూల కొంచెం తడిసినట్టుంది అన్నాడు.

ఆ మధ్యాహ్నం నుంచే మేం గుంపు అయ్యామేమో. అంతకుముందు కూలీలం.

సంతోష్ రాత్రి కూడా ఫోన్ చేశాడు మస్కట్ నుంచి. నా మొగుడు. బాయిలర్ మాట ఎత్తగానే గొంతు పెంచాడు, ఇగ పోవద్దు, చాలు, నేను పంపుతున్న గదా అని. నువ్వు ఆడ పన్నెండో అంతస్తు మీద తాడు కట్టుకుని గోడ పట్టుకుని నిలబడుతున్నవ్ గదా, నేను వద్దన్ననా అన్నాను. అది వేరు అన్నాడు. ఏం వేరు? కింద తాడు పట్టుకున్నోడు నీకు తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు, మన బాల్కొండ ఆయన, అన్నం ఒకే పళ్లెంలో తింటామన్నాడు. ఆయన్ను తీసేసి రేపు ఇంకెవరినో పెడితే ఎక్కుతవా అని అడిగాను.  జర పైలం, జాగ్రత్త అన్నాడు చివరికి.

పచ్చగీత. బాయిలర్ బుస మొదలైంది. నా వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి, కాళ్లు వాటంతట అవే గట్టు వైపు తిరిగాయి. ఆగండి కాళ్లూ, ఎక్కడికి? ఈ చప్పుడుకు భయపడి ఇంటికి పోతే ఇంట్లో కుక్కర్ లేదా, కుక్కర్‌కు భయపడి ఎక్కడికి పోతారు. లేచాను. సేటు కారు దిగి వచ్చి డ్రమ్ముకు నాలుగడుగుల దూరంలో, చొక్కాకు మసి అంటని చోట నిలబడ్డాడు. పిల్లికి చెలగాటం అన్నట్టుంది ఆయన మొహం. శ్రవణ్‌కుమార్ మూడో వాల్వు తిప్పి ఒక్క దఫా ఆవిరి వదిలాడు, తెల్లగా, పాత పసుపు వాసన గుప్పుమంది, కాని నిలబడ్డాను. మళ్లీ మూశాడు. అడుగు తలుపు తెరిచి డ్రమ్మును కాసేపు చల్లారనిచ్చాం. తలకున్న తువ్వాల విప్పి వాల్వు పిడికి చుట్టాను. ముడి పడలేదు. వేళ్లు ముడుచుకోవడం లేదు, కొస జారిపోతోంది, రెండుసార్లు, మూడుసార్లు. అందరూ చూస్తున్నారు. సిగ్గుతో కళ్లు మండాయి.

“సువార్తా, ఇటు రా. కట్టు,” అన్నాను.

అది కదల్లేదు. పాలిపోయింది. నేనా అక్కా అంది. నువ్వే, ఇంకెవరు, నీ వేళ్లు మంచిగ పనిచేస్తున్నయ్ గదా అన్నాను. వచ్చింది. పెదవులు కదుపుతూ, వాళ్ల ప్రభువును పిలుస్తూ కట్టింది, ఒక ముడి, దాని మీద ఇంకో ముడి, లాగి చూసింది, ఇంకోసారి లాగి చూసింది.  ఆ వాల్వు మీద ముడి వేయడానికి ఈ ఆర్మూర్‌లో దానికంటే భద్రమైన మనిషి లేదని నాకు అనిపించింది, అనిపించడం కాదు, తెలుసు.

అప్పుడు సేటు చప్పట్లు కొట్టినట్టు చేతులు దులుపుకుని ముందుకు వచ్చాడు.

“గదేంది మల్ల? గంత నమ్మకం ఉన్నదానివి తువ్వాలెందుకు? ముసలాయన్ను నిలబెట్టు, తువ్వాల ఇప్పు, చెయ్యి పెట్టు. గప్పుడు నమ్ముత నేను.”

 నాలో భయం ఉన్న చోట ఒక్కసారిగా కోపం వచ్చి కూర్చుంది, హాయిగా, కాళ్లు చాపుకుని. ఈయనకు నమ్మకం అంటే జాతర, ఎవరో నిప్పుల్లో దూకితే చూసి పోదామని వచ్చాడు. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టడం నమ్మకమని ఎవరు చెప్పారు సేటూ నీకు? మేం ఒకరినొకరం నమ్ముతాం కనుకే రోజూ కట్టుకుంటాం, రోజూ అడుగుతాం, అడిగితే ఎవరికీ రోషం రాదు, మర్చిపోతే తిడతాం, తిట్టినా మర్నాడు ఒకే చోట కూర్చుని తింటాం. నా ఎడమచెయ్యి వాల్వు మీది ముడి మీద ఉంది. విప్పుతానని ఆయన ఎదురు చూస్తున్నాడు, ట్రాలీ నీడలో కాక లేచి నిలబడ్డాడు, వద్దు బిడ్డా అని తల అడ్డంగా ఊపుతున్నాడు, పోతే నా పని పోనీ అన్నట్టు. ఎందుకు పోవాలి? ఎందుకు కాకా పోవాలి?

“మంచిది సేటూ,” అన్నాను. “మీ మనిషి వాల్వు కాడ్నే ఉన్నడు. తువ్వాల ఇప్పుత. చెయ్యి మీరు పెట్టుండ్రి.”

“ఏంది?”

“మీ డ్రమ్మే గదా. మీ వాల్వే గదా. మీరు తెచ్చినాయనే గదా. పెట్టుండ్రి. నేను పక్కన్నే నిలబడి చూస్త, గప్పుడు నేను గూడ నమ్ముత.”

కమలవ్వ తంబాకు ఉమ్మేసి, నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. లచ్చన్న బెండ్ల గంప కింద పెట్టాడు. చేను రైతు, ఈ గొడవలో ఆయన వాటా ఏమీ లేకపోయినా, నోరు తెరిచి సేటు చేతి వైపు చూస్తున్నాడు, ఆ చేతికున్న ఉంగరాల వైపు. సేటు శ్రవణ్‌కుమార్ వైపు చూశాడు. శ్రవణ్‌కుమార్ వాల్వు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“తువ్వాల ఉండనీయుండ్రి సార్,” అన్నాడతను, నేల చూస్తూ. “నేనైనా గట్లనే జేస్త. తువ్వాల లేకుంటే నేను వాల్వు కాడ నిలబడ.”

మంచి పిల్లాడే. అతనికీ అమ్మ ఉండి ఉంటుంది, ఇంట్లో బియ్యం కావాలి, అతని మీద నాకేం పగ. పక్కకు జరిగి నడిపయ్య కాకకు చోటిచ్చాడు. కాక వచ్చాడు, పంచె ఎగ్గట్టుకుని, నిదానంగా, రోజూ వచ్చినట్టే. సేటు ఏదో అనబోయి గొంతు సవరించుకున్నాడు, ఫోన్ తీసి చూశాడు, ఫోన్‌లో ఏమీ లేదు, జేబులో పెట్టుకున్నాడు. సరే సరే, పని కానీయుండ్రి, టైం అయితుంది అన్నాడు. ఆయన నోటి నుంచి ఓటమి ఎప్పుడూ ఆ మాటలాగే వస్తుంది.

డ్రమ్ము తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. తలుపు లోపల చీకటి, వెచ్చటి చీకటి. చెయ్యి ముందుకు పోనంటోంది. గులాబీ చర్మం మీద చెమట. బోరు నీళ్లు గుర్తొచ్చాయి, కొరికిన భుజం గుర్తొచ్చింది, భయం పోలేదు, నేనూ దాన్ని పొమ్మనలేదు, ఉండు, నా పక్కనే కూర్చో, పని మాత్రం నేను చేస్తాను.

“రజితా, చెయ్యి యాడుంది బిడ్డా?” కాక గొంతు, బుస మీదుగా.

“బయట్నే ఉంది కాకా. ఇగో, పెడ్తున్న.”

వేళ్లు, మణికట్టు, మోచెయ్యి, భుజం. లోపల వేడిగా ఉంది, కాని కాలే వేడి కాదు. వేళ్లకు గొట్టం తగిలింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, ఒకటి కాదు, అందరి గుండెలూ నా చెవుల్లోనే కొట్టుకుంటున్నట్టున్నాయి. చెయ్యి యాడుంది అని కాక మళ్లీ అడిగాడు, లోపల అన్నాను. మళ్లీ అడిగాడు, లోపల్నే కాకా అన్నాను. మొదటి చిల్లు, మట్టిగడ్డ, ఎండిన వేరు. గోటితో గీకి లాగాను. సగం ముడుచుకునే వేళ్లు సన్నటి చిల్లులోకి మునుపటికంటే బాగా పోతున్నాయి, అది చూసి నాకే విడ్డూరమనిపించింది. బయటికి తీసి చేను మట్టిలోకి విసిరాను. సేటు బూటు ముందు పడింది.

“అయ్యిందా?” అన్నాడు సేటు. ఎండ ఆయన నెత్తి మీదికి వచ్చింది, కారు దూరంగా ఉంది, అందరి ముందూ పోలేడు, ఉండలేడు.

“ఆగుండ్రి సేటూ,” అన్నాను, “ఇంక మస్తున్నయ్.”

మళ్లీ చెయ్యి లోపల పెట్టి, తొందర లేకుండా, రెండో చిల్లు వెతకడం మొదలుపెట్టాను.